ఉస్తాద్ నా మాట నమ్మిన రోజు

ఉస్తాద్ పోయాడన్న కబురు పోయిన గురువారం పొద్దున వచ్చింది. గుడిమల్కాపూర్ మార్కెట్లో నా ట్రాలీ ఆటోలోంచి బంతిపూల మూటలు దింపుతున్నాను. ఆయన కొడుకు ఫోన్ చేసి, "బాపు లేడన్నా. పొద్దుగాల లేపితే లేవలే" అన్నాడు. పక్కనున్న డ్రైవర్లకు చెప్పాను. ఒక్కడూ నమ్మలేదు. "మళ్ల షురూ జేసినవా భాయ్?" అని ఒకడు బీడీ వెలిగించుకున్నాడు.

వాళ్లను అని లాభం లేదు. పన్నెండేళ్ల కింద ఇదే మార్కెట్లో ఇదే మాట ఉత్తుత్తిగా చెప్పి నలుగురి చేత దండలు కొనిపించాను. వాళ్లు ఏడుపు ముఖాలతో కిషన్‌బాగ్‌లో ఆయన ఇంటికి చేరేసరికి ఉస్తాద్ అరుగు మీద ఇడ్లీ తింటున్నాడు. నన్ను తిట్టలేదు. దండలు తీసి లారీ ముందు కట్టుకుని, "నేను నిజంగ పోయిన్నాడు గూడ వీడే చెప్తడు, సూడుండ్రి. గప్పుడు మీరు నమ్మరు" అన్నాడు. అట్లనే అయింది. కొడుకుతో ఫోన్లో మాట్లాడిస్తే గానీ వాళ్లు కదల్లేదు.

ఎనిమిదో క్లాసు దాటని నాకు చేతిపని అంటూ ఒకటి నేర్పింది ఆయనే. లారీ నడపడం ఆయన దగ్గర నేర్చుకున్నాను. చాయ్ సాసర్లో పోసుకుని తాగేవాడు. బాట మీద నీళ్లు కనిపిస్తే బండి ఆపేవాడు. చెప్పులు తీసి ఒడ్డున జతగా పెట్టి, అవతలి దాకా నడిచి చూసొచ్చి, అప్పుడు బండి దింపేవాడు. వానకు జల్‌పల్లి గల్లీల్లో మోకాలి లోతు నిలిచినా అంతే. వెనుక హారన్లు మోగితే, "బండికి తొందర లేదు, వాళ్లకే ఉన్నది" అనేవాడు.

ఇంకో అలవాటు నా వల్ల వచ్చింది. లారీ వెనక్కి తీసేటప్పుడు ఒకరు నిలబడి "ఆనేదో, ఆనేదో" అని, అంటే రానీ రానీ అని, పిలవాలి, గోడ దగ్గరికి రాగానే ఆపమని "బస్" అనాలి. నేను ఒకసారి సరదాకి ఆ "బస్" అనలేదు. గోడ కూలింది. అప్పట్నుంచి నేను వెనుక నిలబడితే ఆయన ఇంజన్ ఆపేసి కూర్చునేవాడు.

వయసులో ఉన్నప్పుడు ఆయన హిమాచల్ నుంచి ఆపిల్ లోడ్లు తెచ్చేవాడు. అక్కడ ఒక మలుపులో మట్టిబాట చీలి పైన కొండల్లో ఉన్న సరస్సుకు పోతుంది. లోడు లారీ ఎక్కదు. "ఎన్నిసార్లు ఆ మూలమీద చాయ్ తాగిన్నో. పైకి మాత్రం పోలే" అనేవాడు. లారీ అమ్మాక పాత జీపు ఒకటి కొన్నాడు. పోయిన ఏడాది, "పోదాం పా. ఆ మూలకాడికెల్లి స్టీరింగు నాది" అన్నాడు. మలుపు దాకా అన్ని రోజులూ నేనే నడిపాను. పెద్దమనిషి కదా, అలసట అనుకున్నాను.

మలుపులో ఆయన స్టీరింగు పట్టాడు. ఒక బండి పట్టేంత బాట. ఒక పక్క కొండ, ఒక పక్క ఏమీ లేదు. కొంత దూరం పోయాక మంచు కరిగిన నీళ్లు బాటకు అడ్డంగా పారుతున్నాయి. ఆయన చెప్పులు తీసి దిగాడు. ఎదురుగా కనిపిస్తున్న బండరాయికి కాలు కొట్టుకుని తూలాడు.

"ఏంది ఉస్తాద్, కండ్లు పోయినయా?" అని నవ్వాను.

ఆయన బానెట్ పట్టుకుని నిలబడ్డాడు. "కుడిది పోయింది. ఎడమదాంట్ల పొగ. ఇంట్ల చెప్పలే. చెప్తే తాళం గుంజుకుంటరు."

అంతసేపు ఆ అంచున మమ్మల్ని నడిపింది ఆ పొగ కన్నే. "నువ్వు ఇటు కూసో, నేను నడుపుత" అన్నాను.

"నువ్వు నడిపితే నువ్వు పోయినట్టు. నేను కూసోని వచ్చినట్టు." కాసేపు నీళ్ల చప్పుడు విన్నాడు. "ముంగట నడు. నువ్వు చెప్పినట్టు తిప్పుత."

"గోడకు గుద్దిపిచ్చినోణ్ణి ఉస్తాద్ నేను."

"ఆడ గోడ ఉండె, గుద్దిపిచ్చినవ్. ఈడ గోడ లేదు. నువ్వు బద్మాష్‌వే గని, గంత బద్మాష్‌వు గావు."

చల్లటి నీళ్లలో వెనక్కి వెనక్కి నడిచాను, ముఖం జీపు వైపు పెట్టి. ఆయన ఎడమ నాకు కుడి. తడబడతానని కుడి చేతికి రుమాలు కట్టుకున్నాను. "ఆనేదో. ఎడమకు జెర. ఇంకా జెర. బస్." వెనుక చక్రం కింది నుంచి ఒక రాయి జారిపోయింది. అది పడ్డ చప్పుడు ఎంతసేపటికీ వినపడలేదు. మెల్లగా "ఆనేదో" అన్నాను. "గట్టిగ చెప్పురా, లొల్లి వెట్టుకున్నప్పుడు చెప్తవు గద" అన్నాడు. ఆయన బాటను చూడటం లేదు. నా గొంతు ఎటుంటే అటు ముఖం పెట్టాడు. నోరు తెరిస్తే అబద్ధమే వచ్చే మనిషిని, ఆ పూట ఒక్కో మాటా చేతి రుమాలు చూసుకుని, నీళ్లు చూసుకుని పలికాను. సరస్సు దాకా అట్లనే, రెండు గంటలు.

ఇంటికి వచ్చాక తాళం ఆయనే కొడుకు చేతిలో పెట్టాడు. "ఇగ చాలు" అన్నాడంతే. దారి సంగతి మేమిద్దరం ఎవరికీ చెప్పలేదు. నేను చెప్పినా ఎవరు నమ్ముతారు?

ఆ రోజు సరస్సు ఒడ్డున ఇంజన్ ఆపి దిగాడు. గాలికి చొక్కా ఒంటికి అతుక్కుపోతోంది. చేయి చాచి నా భుజం దొరకబుచ్చుకున్నాడు.

"చెప్పు. ఎట్లున్నది?"

"ఒడ్డుకు సోడాసీస రంగుంది ఉస్తాద్. నడుమ నీలం. నీలం మీద ఒక మబ్బు నీడ పడ్డది."

"నిలవడ్డదా, నడుస్తున్నదా?"

"నడుస్తున్నది. ఎడమకు."

ఆయన ముఖం ఎడమకు తిప్పాడు. నీడ నీళ్లు దాటి అవతలి కొండ ఎక్కేదాకా నేను చెబుతూనే ఉన్నాను, ఆయన ముఖం దాని వెంట మెల్లగా తిరుగుతూనే ఉంది.