అమ్ముతానన్నవాడి ఫోను

ఆ మనుషుల ఎంగిలి గ్లాసులు కడిగిన చెయ్యి ఇది. ఇప్పటికీ ఎవరైనా టీ తాగుతూ ఫోను వంక చూసి పళ్ళికిలిస్తే నేను మొహం తిప్పేసుకుంటాను.

నాకు చదువు లేదు. సంతకం పెడతాను, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుంటాను, అంతే. అందుకని నోటితో చెప్పి రాయిస్తున్నాను. మాట మోటుగా ఉంటే అది నాది, రాసే ఆమెది కాదు.

మా ఆయన పోయాక రాజాంలో కాలేజీల రోడ్డు మీద టీ బడ్డీ పెట్టుకున్నాను. రెండు బల్లలు, పైన రేకు, ఒక పొయ్యి. పెద్ద నోట్లు రద్దయిన తర్వాతి వేసవి నుంచి ముగ్గురు మనుషులు నా బల్ల మీద కాపురం పెట్టారు. ఒకాయన ప్రైవేటు కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెప్పే మాస్టారు. ఇంకొకడు రోడ్డుకి అవతల మొబైళ్ళ షాపు వాడు. మూడోవాడు ధాన్యం కమీషన్ కొట్టు యజమాని కొడుకు, మెడలో గొలుసు, ఏ పనీ లేదు. ముగ్గురూ పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి, ఒక్క టీకి గంటసేపు కూర్చునేవారు. వాళ్ళ మాటలన్నీ ఒకటే. కాయిన్.

కాయిన్ అంటే చేత్తో పట్టుకునే బిళ్ళ అనుకున్నాను. కాదట. ఫోనులో కనబడే అంకెట. దాన్ని కొంటారు, పెరిగితే సంబరపడతారు, తగ్గితే ఇంకా కొనాలంటారు. పెరిగినా కొనాలి, తగ్గినా కొనాలి. అమ్మడం మాత్రం పాపం.

"నోటు మాత్రం ఏటి మాస్టారూ, కాయితమే కదా. ఒక్క రాత్రికి సెల్లదన్నారు, సెల్లకుండా పోనాది," అనేవాడు షాపువాడు.

"అదీ పాయింటు. దీన్ని ఏ గవర్మెంటూ రద్దు సెయ్యలేదు. ఎందుకంటే ఇది ఎవడి సేతిలోనూ లేదు," అనేవారు మాస్టారు.

"మరి దీనికి టీ వస్తాదా బాబూ?" అన్నాను ఒకసారి.

"వస్తాదమ్మా. రోజులొస్తాయి. అప్పుడు నువ్వే నోటు ఒద్దు, కాయినే ఇయ్యండి అంటావు."

"ఆ రోజులొచ్చినప్పుడు సూద్దుం గానీ, ఇయ్యాల సిల్లర తియ్యండి."

నవ్వేవారు. నవ్వి, మళ్ళీ మొదలు. యాప్‌లో ఉంచాలా, బయటికి తీసి సొంతంగా దాచుకోవాలా అని ఒకరోజంతా. పెద్ద కాయిన్ మంచిదా, చిన్నవి పది కొనడం మంచిదా అని వారమంతా. దాన్ని పుట్టించినవాడెవడో ఎవరికీ తెలీదట, మొహం చూసినవాడు లేడట, అయినా ఆయన ఇలా అన్నాడు, అలా అనుకున్నాడు అని కొట్టుకునేవారు. నేను ఆదివారం చర్చికి వెళ్ళే మనిషిని. కనబడనివాణ్ణి నమ్మడం నాకు కొత్త కాదు. కానీ మా పాస్టరుగారైనా అప్పుడప్పుడు సందేహపడతారు. వీళ్ళకి ఆ జబ్బే లేదు.

ఇందులోకి మా తమ్ముడు వచ్చి పడ్డాడు.

వాడిది కళింగపట్నం. మా పుట్టిల్లూ అదే. సముద్రం మీద వేటకి వెళ్ళేవాడు. బోటు వాడి బావమరిదిది, దానికి తగిలించే ఇంజిను వీడిది. అందుకే పడిన చేపలో వీడికి ఇంజిను వాటా ఉండేది. ఆ వాటా ఉన్నన్నాళ్ళు వాడు రేవులో ఒక మనిషి. లేకపోతే ఒట్టి కూలి. ఏటా ఎండాకాలంలో చేప గుడ్లు పెట్టే రోజులని వేట ఆపేస్తారు. ఆ రోజుల్లో నా దగ్గరికి వచ్చి, రైసుమిల్లులో బస్తాలు మోసి, మళ్ళీ వేట మొదలయ్యేసరికి వెళ్ళిపోయేవాడు.

ఆ వేసవిలో కూడా అలాగే వచ్చాడు. సాయంత్రాలు నా బల్ల మీద కూర్చుని ఆ ముగ్గురి మాటలు నోరు తెరుచుకుని విన్నాడు. నాకు చెప్పలేదు, పెళ్ళానికి చెప్పలేదు. ఊరికి పోయి, పాతదైపోయింది కొత్తది కొంటానని బావమరిదికి చెప్పి ఇంజిను అమ్మేసి, ఆ డబ్బంతా కాయిన్‌లో పోశాడు. వేట మొదలయ్యేలోపు రెండింతలవుతుందని మాస్టారు లెక్క కట్టి చూపించారట.

అయ్యింది కూడా. అదే వచ్చిన చిక్కు. శీతాకాలం వచ్చేసరికి ఇంకా ఇంకా పెరిగింది. ఒకరోజు బస్సెక్కి వచ్చి ఫోను నా మొహం మీద పెట్టాడు.

"సూడప్పా. ఇప్పుడు ఇంజినేటి, బోటే వస్తాది."

"అయితే అమ్మి బోటు కొను."

"ఇప్పుడమ్మితే బుద్ధి నేనోడంటారు."

"ఎవులంటారు?"

వాడు బల్ల వైపు చూశాడు. ఆ ముగ్గురి వైపు.

ఆ ఏడంతా వాడు వేరేవాళ్ళ బోట్లలో కూలికి వెళ్ళాడు. బావమరిది అద్దె ఇంజిను పెట్టుకుని లాక్కొచ్చాడు. వేసవి మళ్ళీ వచ్చింది, వేట ఆగింది, వాడు మళ్ళీ నా దగ్గరికి వచ్చి మిల్లులో చేరాడు. బావమరిది ఖరాఖండీగా చెప్పేశాడు. వేట మొదలయ్యే రోజుకి వీడి ఇంజిను బోటు మీద ఉండాలి, లేదా ఇంకొకణ్ణి వాటాలోకి తీసుకుంటాడు. అందులో తప్పేముంది? వాడికీ పిల్లలున్నారు.

ఈలోగా ఇక్కడ నా బల్ల మీద ఒక ఆచారం పుట్టింది. ధర పడుతున్నప్పుడు ఎవరికైనా అమ్మాలని మనసు లాగితే, దానికి 'చెయ్యి వణుకు' అని పేరు పెట్టారు. వణుకు పుట్టినవాడు తన ఫోను షాపువాడికి ఇచ్చెయ్యాలి. వాడు దాన్ని సొరుగులో పడేసి తాళం వేసి, మర్నాడు పొద్దున్న అందరి ముందూ తిరిగి ఇస్తాడు. ఒకసారి కమీషన్ కొట్టువాడు తన ఫోను తానే తెచ్చి ఇచ్చాడు, తాగుబోతు జీతం పెళ్ళాం చేతికి ఇచ్చినట్టు. దానికి మిగతా ఇద్దరూ చప్పట్లు! గడ్డాలు నెరుస్తున్న మగాళ్ళు. నా పొయ్యి ముందు. మా తమ్ముడు కూడా ఆ ఆచారానికి సరే అని చేతిలో చెయ్యి వేశాడు.

వేట ఇంకో నాలుగైదు రోజుల్లో మొదలవుతుందనగా, మధ్యాహ్నం వాడు మిల్లు నుంచి నేరుగా వచ్చాడు. ఒంటినిండా తవుడు. శ్రీకాకుళంలో ఇంజిన్ల కొట్టు ఒకాయన దగ్గర వాడిన ఇంజిను ఒకటి ఉంది, మంచిది. సాయంత్రం దాకా ఎవరికీ ఇవ్వనన్నాడు. మా మరదలు పొద్దున్నే వెళ్ళి ఆ కొట్టు గుమ్మంలో కూర్చుంది. ధర అప్పటికే బాగా పడిపోయింది. అయినా ఆ క్షణాన అమ్మితే ఇంజినుకి సరిగ్గా సరిపోతుంది.

"నాను అమ్మేస్తన్నాను మాస్టారూ," అన్నాడు నిలబడే.

ఎవడో చచ్చినట్టు మొహాలు పెట్టారు ముగ్గురూ.

"కూకోరా ముందు," అన్నాడు షాపువాడు. "ఏదీ, ఫోనిటియ్యి."

"ఇది ఒణుకు కాదు మావా. ఇంజిను కోసం."

"అందరికీ ఏదో ఒకటి కోసమే. ఊరికే ఎవుడమ్ముతాడు?"

మాస్టారు గొంతు తగ్గించి, క్లాసులో చెప్పినట్టు మొదలుపెట్టారు. ధరకి ఇదే అట్టడుగు అన్నారు. ఇక్కడి నుంచి పైకే అన్నారు. గీత గీసి చూపించారు. బలహీనులు అమ్మేస్తే కొనుక్కునేవాళ్ళు ఎక్కడో ఏసీ గదుల్లో కాసుకుని ఉంటారన్నారు. తమ్ముడు తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. నాకు లోపల ఆశ. పోనీలే, గట్టిగానే ఉన్నాడు అనుకున్నాను. అప్పుడు మాస్టారు అన్నారు కదా,

"ఒక్కటడుగుతాను సెప్పు. సముద్రం మీద గాలేసినప్పుడు బోటొదిలేసి దూకేస్తావేటి?"

తమ్ముడి మొహం మారిపోయింది.

"నానెందుకు దూకుతాను? మా నాయన దూకలేదు, నానూ దూకను."

"మరిప్పుడేటి సేస్తన్నావు?"

కమీషన్ కొట్టువాడు కిసుక్కున నవ్వాడు. "ఒడ్డు మీద సేపలేరుకునేవోడేమోలే మాస్టారూ, ఒగ్గీండి."

అంతే. ఫోను తీసి షాపువాడి చేతిలో పెట్టాడు. వాడు రోడ్డు దాటి వెళ్ళి సొరుగులో వేసి వచ్చాడు.

నేను గరిటె పట్టుకునే బయటికి వచ్చాను.

"మీకు సిగ్గునేదేటి? అక్కడ ఆడి పెళ్ళాం ఇంజిన్ల కొట్టు గుమ్మంలో కూకుంది. ఇచ్చీండి ఆడి ఫోను."

షాపువాడు చేతులు చూపించాడు. "నానేటి లాక్కున్నానా? ఆడే ఇచ్చాడు. అడుగు ఆణ్ణే."

"అడగరా! సచ్చినోడా, అడుగు!"

"నువ్వొల్లకుండప్పా," అన్నాడు తమ్ముడు, నా వైపు చూడకుండా. "మాటంటే మాట."

కాసేపటికి నా బొత్తాల ఫోను మోగింది. మరదలు.

"ఒదినా, ఆయన ఫోనెత్తటం నేదు. ఎంత కొట్టినా ఎత్తడు. ఈయన బేగి తేల్సమంటన్నాడు. ఇంకెవులో వచ్చి ఇంజిను సూస్తన్నారు."

ఫోను తమ్ముడి చెవికి ఆనించి పట్టుకున్నాను. "రేపు," అన్నాడు. ఇంకేదో అడిగింది. "రేపని సెప్తన్నానా!" అని అరిచాడు. ఆ ముగ్గురూ టీ తాగుతున్నారు. మాస్టారు నా గ్లాసులో బిస్కట్టు ముంచుకుని, అది విరిగి పడితే వేలితో తీసుకుని నాకారు. ఆ వేలు నాకు ఈరోజుకీ కళ్ళకి కడుతుంది.

మర్నాడు పొద్దున్న ఫోను తిరిగి ఇచ్చేసరికి ధర ఇంకా కిందికి జారింది. ఇంజిను రాత్రే అమ్ముడైపోయింది. అది కాకపోతే ఇంకోటి వెతుక్కునేంత డబ్బు కూడా ఇక అందులో లేదు. తర్వాత కొన్నాళ్ళకి బ్యాంకులు ఆ యాపులతో లావాదేవీలు మానేశాయి. ఉన్న కాస్తా ఎలా బయటికి తియ్యాలన్నది ఇంకో చర్చ అయ్యింది, నా బల్ల మీదే.

ఆ పొద్దున్న ముగ్గురిలో ఒక్కడైనా ఇంజిను ఏమైందని అడుగుతాడేమోనని చూశాను. అడగలేదు. ఎందుకు పడిందని వాదించుకున్నారు. ఏదో దేశంలో దొంగలు పడ్డారని ఒకడు, పెద్దవాళ్ళు కావాలని పడగొట్టారని ఒకడు. నేను ఉండబట్టలేక మాస్టారిని అడిగాను.

"ఆడి నోట్లో మట్టి కొట్టేరు కదా బాబూ?"

"అదేటమ్మా అలగంటావు? నాదీ పోయింది కదా. వాడికన్నా ఎక్కువే పోయింది," అన్నారు.

అబద్ధం కాదు. నిజంగానే పోయింది ఆయనది కూడా. అదే నాకు గొంతు దిగనిది. దొంగలైతే నేను తిట్టి, ఉమ్మి, మర్చిపోదును. వీళ్ళు దొంగలు కారు. పక్కవాడి కూడు పోయినా, తమది పోయినా, ఆట బాగుంటే చాలు. మాస్టారికి నెల తిరిగేసరికి జీతం వస్తుంది. కమీషన్ కొట్టువాడికి తండ్రి ఉన్నాడు. షాపు షాపులాగే ఉంది. సముద్రం మీదికి వెళ్ళాల్సినవాడు ఒక్కడే కదా.

వేట మొదలైంది. బావమరిది అన్న మాట ప్రకారం ఇంకొకణ్ణి వాటాలో చేర్చుకున్నాడు. మరదలు కళింగపట్నంలో వేరేవాళ్ళ చేపలు ఎండబెట్టి బతుకుతోంది. నేను పండగకి చీర పంపితే తిరిగి పంపేసింది. తమ్ముడు ఊరికి వెళ్ళడానికి మొహం లేక మిల్లులోనే ఉండిపోయాడు.

వాడు కుమిలిపోతున్నాడనుకున్నాను. ఆ వానాకాలంలో ఒక సాయంత్రం మాస్టారు చీపురుపల్లి నుంచి ఇద్దరు కొత్త మనుషుల్ని వెంటబెట్టుకొచ్చారు. కాయిన్ గురించి తెలుసుకుందామని వచ్చారట. తమ్ముడు మిల్లు నుంచి వచ్చి, ఒళ్ళు దులుపుకుంటూ బల్ల చివర కూర్చున్నాడు. మాస్టారు వాడి భుజం మీద చెయ్యి వేశారు.

"ఈయన్ని సూడండి. సముద్రం మనిషి. అంత పడినా ఒక్కటంటే ఒక్కటి అమ్మలేదు. గుండంటే అదీ."

కొత్తవాళ్ళు మర్యాదగా తలలూపారు. మా తమ్ముడు వెన్ను నిటారుగా చేసి, రొమ్ము విరుచుకుని, నన్ను పిలిచాడు.

"అప్పా! ఈలకి టీలియ్యి. నా లెక్కలో."

ఆ మొహంలో ఎంత వెలుగో! మొదటిసారి పెద్ద చేప పట్టుకొచ్చి అమ్మకి చూపించిన రోజు కూడా అంత లేదు. నాకు ఉమ్మెయ్యాలనిపించింది. ఎవరి మీద అంటే వాడి మీదే. నోట్లో ఊరినదాన్ని మింగి, పాలు పొయ్యి మీద పెట్టాను.