గడప బయట మూడు జతల బూట్లు

ఆస్ట్రేలియాలో చలి ఉంటుందని మాకెవరూ చెప్పలేదు. క్రికెట్ మ్యాచ్‌లో చూసిన ఎండే మా అందరి భూగోళ శాస్త్రం. టీవీలో ఆ దేశంలో ఎప్పుడూ ఎండే కాస్తుంది, ఎందుకంటే వాళ్ళు వానలో క్రికెట్ ఆడరు. ఈ మాత్రం తర్కం అర్థం కావడానికి నాకు మెల్‌బోర్న్‌లో రెండు జూలై నెలలు, మూడు స్వెటర్లు పట్టాయి.

అప్పుడు మెల్‌బోర్న్ శివార్లలోని క్రెయిగీబర్న్‌లో ముగ్గురం ఒక అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. చుట్టుపక్కల ఇంకా గడ్డి మైదానాలే ఎక్కువ, ఇళ్ళు తక్కువ. ఒంగోలు నుంచి వచ్చినాయన మాకంటే నాలుగేళ్ళు పెద్ద. ఆయన్ని అన్నా అనేవాళ్ళం. పెద్దవాడు కాబట్టి వంట ఆయనది, గిన్నెలు మావి. రెండోవాడు హైదరాబాద్ పాతబస్తీ కుర్రాడు, భాయ్. ఇంట్లో ఉన్న ఒక్క కారూ అతనిదే, అందుకని చెప్పుకోదగ్గ గౌరవం అతనికే దక్కేది. మూడోవాణ్ణి నేను. నాది గుంటూరు. గిన్నెల్లో సగం నావి.

ముగ్గురం వైటుకే పుణ్యాన వచ్చినవాళ్ళమే. రెండువేల సంవత్సరం పుట్టే ఆ అర్ధరాత్రి కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని, బ్యాంకులు మునుగుతాయని, విమానాలు రాలతాయని చెప్పి మమ్మల్ని తీసుకొచ్చారు. ఏదీ ఆగలేదు, మునగలేదు, రాలలేదు. మేం పని బాగా చేశాం కాబట్టి ఏమీ జరగలేదో, అసలు ఏమీ జరిగేది కాదో ఎవరూ తేల్చలేదు. కానీ ఏమీ జరగని చోట ఇంతమంది ఎందుకన్న సంగతి మాత్రం ఏడాది తిరిగేసరికి కంపెనీలన్నిటికీ ఒకేసారి తట్టింది.

అన్న పని చేసే కంపెనీ జూలై మొదట్లో మూతపడింది. ఆయన వీసా ఆ కంపెనీ ఇచ్చింది. ఇరవై ఎనిమిది రోజుల్లో ఇంకో కంపెనీ దొరక్కపోతే దేశం వదిలి వెళ్ళాలి. భార్యా, రెండేళ్ళ పాపా సెప్టెంబరులో రావాలని ఆయన అప్పటికే టికెట్లు తీశాడు. వంటింటి క్యాలెండర్ మీద రోజుకో గీత గీసేవాడు. పాలవాడి లెక్కలా ఉందన్నా అన్నాను ఒకసారి. నవ్వాడు. మర్నాడు మళ్ళీ గీశాడు.

ఇరవై నాలుగో రోజు సోమవారం, పదకొండు గంటలకి ఇంటర్వ్యూ. అంతకు ముందు వెళ్ళినవన్నీ మా దగ్గర ఖాళీలు లేవని చెప్పడానికి పిలిచినవే. ఇక్కడ మాత్రం నిజంగా ఖాళీ ఉంది. ఆయన పక్షం రోజులుగా అవే ప్రశ్నలు పైకి చదువుతుంటే మా ఇంటి గోడలు కూడా ఇంటర్వ్యూ పాసయ్యే స్థితికి వచ్చాయి. శనివారం మంచు కొండకి పోయి ఆదివారం వచ్చేద్దాం, బుర్ర కాస్త చల్లబడుతుంది అన్నాను. ఆలోచన నాదే. ఇందులో ఇంకెవరికీ వాటా లేదు.

మూడున్నర గంటల దారి. కొండ కింది ఊళ్ళో టైర్లకి కట్టే గొలుసులు, మోకాళ్ళ దాకా వచ్చే మంచు బూట్లు అద్దెకి తీసుకుని, మా మామూలు బూట్లు కారులోనే వదిలేశాం. పైన కారు ఆపే చోటు నుంచి మా బసకి కిలోమీటరు నడక. అదొక చెక్క ఇల్లు, నిటారు రేకు కప్పు, నాలుగు గదులు. దాన్ని చూసుకునే ఆవిడకి అరవై దాటి ఉంటాయి. ఆంటీ అని పిలిస్తే, నేను నీకు ఏ వైపు నుంచి ఆంటీని అని అడిగింది. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. మళ్ళీ ఆంటీ అన్నాం.

మంచులో బతికేవాళ్ళకి కొన్ని పద్ధతులుంటాయి. తలుపులు లోపలికే తెరుచుకుంటాయి. పార బయట ఉండదు, తలుపు వెనకాలే ఉంటుంది. రోడ్డు ఎక్కడుందో తెలియడానికి రెండు పక్కలా మనిషి కంటే ఎత్తు కర్రలు పాతి ఉంటాయి. ఇవన్నీ ఆవిడ చూపిస్తూ, వంటింటి అవతల ఉన్న చిన్న వేడిగదిని కూడా చూపించింది. గోడ నిండా మేకులు, మేకులకి అందరి బూట్లు, కింద హీటరు. బూట్లు ఇక్కడే పెట్టాలి, బయట మాత్రం వదలొద్దు అంది. మేం తలూపాం.

కానీ ఆ గదికి పోవాలంటే వంటింట్లోంచి పోవాలి. వంటింటి అరలో అన్న అప్పటికే రైస్ కుక్కర్ పెట్టి, దాని పక్కన అరచేతి సైజు వెంకటేశ్వరస్వామి పటం పెట్టాడు. బూట్లతో దాని ముందు నుంచి నడవడమా? భాయ్ కూడా, వంట దగ్గరికి చెప్పులేంది అన్నా, మా అమ్మీ చూస్తే చంపుద్ది అన్నాడు. ఈ ఒక్క విషయంలో మా మూడు ఇళ్ళ పెంపకమూ ఒకటే. మూడు జతల బూట్లూ గడప బయట మెట్ల పక్కన వరసగా, పెళ్ళివారింటి ముందు ఉన్నట్టు పెట్టాం. విప్పి చేత్తో పట్టుకుని తీసుకెళ్ళొచ్చుగా అని ఇప్పుడు విన్నవాళ్ళంతా అడుగుతారు. అప్పుడు అడగడానికి అక్కడ ఎవరూ లేరు.

ఆదివారం పొద్దున్న చూస్తే బూట్ల మీద పిండి జల్లినట్టు కాస్త మంచు. దులిపి తొడుక్కున్నాం. ఈ తెల్లవాళ్ళు అనవసరంగా భయపెడతారు అనుకున్నాం.

మధ్యాహ్నం పన్నెండున్నరకి ఆవిడ వచ్చి, గాలి దిక్కు మారింది, రెండు మూడు గంటల్లో రోడ్డు మూసేస్తారు, వెళ్ళేవాళ్ళు ఇప్పుడే వెళ్ళండి అని చెప్పి పోయింది. అన్న వెంటనే లేచాడు. దుప్పటి మడత పెడుతూ, "వెళ్ళిపోదాంరా. రేపటి సంగతి తెలుసుగా," అన్నాడు.

మేం అప్పుడే మంచు మీద కూర్చుని జారే ప్లాస్టిక్ బల్ల ఒకటి గంటకి అద్దెకి తీసుకుని ఉన్నాం. నేనన్నాను, "అన్నా, ఒంగోల్లో తుపానొస్తే అరుగు మీద కూర్చుని బజ్జీలు తిన్నోడివి. ఇది మంచు. చప్పుడు కూడా చెయ్యదు. దీనికి పారిపోతే రేపు ఇంటర్వ్యూలో మొహం ఎట్టా చూపిస్తావు?"

భాయ్ పడీ పడీ నవ్వాడు. అన్న దుప్పటి చేతిలో పట్టుకుని ఒక్క క్షణం నిలబడ్డాడు. తరవాత ఆయనా నవ్వాడు. దుప్పటి మంచం మీద పెట్టి, "ఒక్క గంటేరా," అన్నాడు.

ఆ గంట బాగానే గడిచింది. అన్న మూడుసార్లు జారి, రెండుసార్లు బోర్లా పడ్డాడు. మూట కట్టుకుని మేం కారు దాకా నడిచేసరికి రెండున్నర. కొండ దిగే రోడ్డు గేటు దగ్గర కాషాయం రంగు కోటు వేసుకున్నతను చెయ్యి అడ్డం పెట్టి, రేపు ఉదయం ఏడింటికి మంచు తీసే బండి వచ్చాకే దారి అన్నాడు. అన్న అతనితో కాసేపు మాట్లాడాడు. గొంతు పెంచలేదు. తిరిగి వచ్చి, ఏడుకి బయల్దేరితే పదిన్నరకి మెల్‌బోర్న్‌లో ఉంటాం, సరిపోతుంది అన్నాడు.  తిరిగి బస దాకా దారంతా నేను మాట్లాడుతూనే ఉన్నాను. ఏం మాట్లాడానో గుర్తు లేదు.

ఆ సాయంత్రం కూడా బూట్లు గడప బయటే విడిచాం. అలవాటు.

సోమవారం ఆరింటికి భాయ్ తలుపు లాగాడు. తలుపు తెరుచుకుంది, బయట అనేది లేదు. గడప నుంచి నా నుదురు దాకా తెల్లటి గోడ, దాని మీద తలుపు చెక్కల గీతలు అచ్చుపడి ఉన్నాయి. రాత్రంతా కురిసిన మంచు సరిపోనట్టు, కప్పు మీద పేరుకున్నదంతా ఒక్కసారిగా జారి సరిగ్గా మెట్ల పక్కన పడిందట. రేకు కప్పులు అంత నిటారుగా కట్టేది అందుకేనట. ఆవిడ పార తీసి నాకిస్తూ, మీ బూట్లేవీ అని అడిగింది. నేను గోడ వైపు చూపించాను. ఆవిడ నన్ను తిట్టలేదు. 

మేజోళ్ళతో గడప మీద నిలబడి తవ్వాం. ఒకే పార. నేను తవ్వుతుంటే భాయ్ మూకుడుతో, అన్న అన్నం గరిటెతో. గంటన్నర పట్టింది. ఆరు బూట్లలో అయిదు దొరికాయి. ఒక్కోటీ రాయి. లోపల కాలు ఉండాల్సిన చోట కాలి ఆకారంలో మంచు గడ్డ. తాళ్ళు ఇనప తీగల్లా నిలబడ్డాయి. అన్న ఎడమ బూటు దొరకనే లేదు. ఈ మొత్తం సేపట్లో ఆయన గడియారం చూసుకోలేదు. అది చూసి నేనూ చూడలేదు.

వేడిగదిలో మంచు గడ్డలు పావుగంటలో కరిగాయి గానీ, బూట్లు ఆరడానికి రెండు గంటలు. అంత టైము లేదు. ఆవిడ ఒక సొరుగు లాగింది. దాన్నిండా ఖాళీ బ్రెడ్ కవర్లు, చలికాలం పొడుగునా దాచిపెట్టినవి. మేజోళ్ళ మీద ఈ కవర్లు తొడిగి, తడి బూట్లలో కాళ్ళు పెట్టండి, ఇక్కడందరం అదే చేస్తాం అంది. అన్న ఎడమ కాలికి ఎవరో వదిలేసిపోయిన రబ్బరు బూటు, రెండు సైజులు పెద్దది, ఇచ్చింది. ఆవిడకి థాంక్స్ ఆంటీ అన్నాం. ఈసారి ఏ వైపు అని అడగలేదు.

కిలోమీటరు నడక తొడల్లోతు మంచులో. మొదటి పావుగంట కాళ్ళు మండాయి. తరవాత ఏమీ లేదు. సౌకర్యంగానే ఉంది అన్నాడు భాయ్, అచ్చం అద్దెకి తెచ్చుకున్న కాళ్ళలా ఉన్నాయి అని. కారు తవ్వి, గొలుసులు కట్టి, కొండ దిగి, కింది ఊళ్ళో ఫోన్ బూత్ దగ్గర ఆగేసరికి తొమ్మిదిన్నర. అన్న కంపెనీకి ఫోన్ చేశాడు. మేనేజరు పావుతక్కువ ఒంటిగంటకి సిడ్నీ విమానానికి బయల్దేరాలి, ఆ లోపు ఎంత ముందొస్తే అంత మంచిది అని చెప్పారట. ఆయన ఫోన్ పెట్టేసి, తన మామూలు బూట్లలోకి కాళ్ళు దూర్చి, కారెక్కి, అదే మాట మాకు చెప్పాడు.  రోడ్డు మీద వాన పడుతోంది, వైపర్లు తుడుస్తున్నాయి, భాయ్ తోలాడు.

మా ఇల్లు మెల్‌బోర్న్ ఊళ్ళోకి పోయే దారిలోనే. పది నిమిషాలు ఆగాం. అన్న సూటు వేసుకున్నాడు, టై కట్టుకున్నాడు, మంచం అంచు మీద కూర్చుని ఆఫీసు బూట్లలో కాళ్ళు పెట్టాడు. తాళ్ళు పట్టుకోవడానికి వేళ్ళు వంగడం లేదు. నేను కింద కూర్చుని కట్టాను. నా వేళ్ళూ గొప్పగా ఏం లేవు, పళ్ళతో ఒక కొస లాగాను. గట్టిగా ముడి బిగించాను.

"కట్టావా?" అన్నాడు.

"కట్టేశానన్నా."

"తెలీలేదురా," అన్నాడు. పాదాల వైపు చూసి, అవి అక్కడున్నట్టు నిర్ధారించుకుని లేచాడు.

పన్నెండున్నరకి లోపలికి వెళ్ళాడు. పన్నెండూ నలభైకి బయటికి వచ్చాడు. ఎందుకాలస్యమని అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పాడట, బూట్లు బయట విడిచామని, ఇంట్లోకి బూట్లతో రామని. మేనేజరు చాలాసేపు నవ్వాడట. మంచివాడు అన్నాడు అన్న. పది నిమిషాల్లో నాలుగు నిమిషాలు నవ్వడానికే పోయినట్టున్నాయి.

బుధవారం సాయంత్రం వంటింట్లో ఫోన్ మోగింది. అన్న చారు పెడుతున్నాడు. ఎడం చేత్తో రిసీవరు ఎత్తి, కుడి చేత్తో చారు కలుపుతూనే విన్నాడు. నో వరీస్ అన్నాడు, పర్వాలేదనడానికి ఇక్కడ అదే మాట. థాంక్యూ అన్నాడు, రెండుసార్లు. రిసీవరు పెట్టి మంట తగ్గించాడు.

భాయ్ ఆఫీసు నుంచి ఇంకా రాలేదు. నేనే ఉన్నాను.

"టైముకి వెళ్ళుంటే ఉద్యోగం వచ్చేదా అన్నా?" అని అడిగాను.

"తెలీదురా. పది నిమిషాలు చూసి వద్దన్నారు. గంట కూర్చుంటే గంటసేపు చూసి వద్దనేవాళ్ళేమో."

ఇలాంటి మాటలు మా ఇంట్లో నేననాల్సినవి. 

"ఆదివారం నేను ఆపకుండా ఉంటే..." అన్నాను.

"ఒక్క గంటేరా అన్నది నేను," అన్నాడు. నా వైపు తిరగలేదు. "కొత్తిమీర తుంచు. మరిగిపోతోంది."

తుంచాను. ఏడుపో, సిగ్గో, ఏదో ఒకటి వస్తుందని కాసేపు ఎదురుచూశాను. మంగళవారం మొద్దుబారిన కాళ్ళ సంగతి అడిగితే డాక్టరు కూడా అదే చెప్పాడు, స్పర్శ మెల్లగా వస్తుంది, తొందరపడొద్దని. కొత్తిమీర చారులో వేశాను. అన్న గరిటెతో కొంచెం అరచేతిలో పోసుకుని రుచి చూశాడు. ఇరవై ఎనిమిదో రోజు శుక్రవారం, దానికి ఇంకా రెండు రోజులుంది. చారులో ఉప్పు సరిపోయింది.