కంకణం కట్టని ఏడాది

ఐరాల మునస్వామికి పొద్దున్నే మంచం దిగడమే ఒక పెద్ద పని. నేల మీద కాలు మోపగానే కుడి మడమ వెనక నరం కొయ్యలా బిగుసుకుంటుంది. గోడ పట్టుకుని పది అడుగులు కుంటితే తప్ప సడలదు. మూడేళ్ళుగా ఇదే బాగోతం.

పేరుకు మాత్రం ఆయన అర్జునుడు. ఊళ్ళో ధర్మరాజుల గుడి దగ్గర ఏటా జరిగే భారతంలో ఇరవై రెండేళ్ళుగా ఆ వేషం ఆయనదే. పద్దెనిమిది రోజులు, రాత్రుళ్ళు గజ్జెలు కట్టి ఎగిరి ఆడాలి. మధ్యలో ఒకనాడు పట్టపగలు తపస్సు మాను ఎక్కాలి. నిలువునా పాతిన తాటిదూలం అది. మెట్టుకో పద్యం పాడుతూ పైకి చేరి, కింద బిడ్డలు కావాలని మొక్కి తడిబట్టలతో సాగిలపడ్డ ఆడవాళ్ళ మీదికి నిమ్మకాయలూ విభూతీ విసరాలి. ఆ పూట ఊరి పెద్దలు కూడా ఆయన కాళ్ళకు మొక్కుతారు. పండగ అయ్యాక ఏడాది పొడవునా ఆ కాళ్ళకు పని ఆటో బ్రేకు తొక్కడమే.

నొప్పి మొదలైన ఏడు పుత్తూరు వెళ్ళాడు. అక్కడి కట్టు వైద్యుడు తడిమి చూసి, ఎముక బాగుండాది, ఇది మా పని కాదప్పా అన్నాడు. మునస్వామి వింటేగా! బతిమాలి మరీ కట్టు కట్టించుకుని, తిరిగొచ్చి మంచమెక్కాడు. ఆటో తోలేటప్పుడు తప్ప కాలు కదపలేదు. మరుసటి ఏడు గజ్జె కట్టిన నాలుగో రోజుకే నొప్పి రెట్టింపైంది.

ఈ మాఘంలో భార్య లోకేశ్వరి పోరు పడలేక చిత్తూరులో ఫిజియోథెరపీ చేసే జయంతి దగ్గరికి వెళ్ళాడు. ఆమె మడమ పైన రెండు వేళ్ళతో నొక్కింది. మునస్వామి అమ్మో అన్నాడు.

"నొప్పి వస్తే ఏం చేస్తావన్నా?"

"కాలు కదపనుమ్మా. పండుకుంటా."

"ఎన్నాళ్ళు?"

"మళ్ళా భారతం వచ్చేదాకా."

జయంతి నవ్వింది. "అదే నీ రోగం. ఇది ఎముకా కాదు, నరమూ కాదు. పిక్కను గుదికాలికి కట్టిన తాడు. అకిలిస్ టెండన్ అంటారులే. ఏడాదంతా దాన్ని ఆటోలో కూర్చోబెడతావు, ఒక్క తూరిగా పద్దెనిమిది రాత్రులు ఎగిరిస్తావు. యాడ తట్టుకుంటాది? దానికి రోజూ పని చెప్పాల. నిదానంగా చెప్పాల."

పని కూడా చూపించింది. మెట్టు అంచున మునివేళ్ళు ఆనించి, రెండు కాళ్ళతో పైకి లేచి, నొప్పి కాలొక్కదానితో మెల్లగా కిందికి దిగాలి. పదిహేనేసి సార్లు, మూడు విడతలు. చేసేటప్పుడు కాస్త నొప్పి ఉన్నా ఫరవాలేదు, మర్నాటికి పెరక్కపోతే చాలు. బాగుపడడానికి నెలలు పడుతుంది. ఈ లోపల ఎవరన్నా ఆ తాడుకు సూది వేస్తామంటే ఒప్పుకోవద్దని, నొప్పి పోవచ్చుగానీ తాడే తెగిపోయే ప్రమాదముందని గట్టిగా చెప్పింది.

మునస్వామి రోజూ గడప ముందు మెట్టు మీద లేచాడు, దిగాడు. మద్దెల లేదు, పద్యం లేదు, చూసేవాడు లేడు. ఇంత విసుగు పని ఆయన జన్మలో చేయలేదు. ఎన్నోసార్లు మధ్యలో ఆపి మెట్టు మీదే కూలబడ్డాడు. రెండు నెలలకు పొద్దుటి కుంటుడు పది అడుగుల నుంచి మూడుకు వచ్చింది. భారతం ఇక పక్షం రోజులే ఉంది.

"మాను నిదానంగా ఎక్కొచ్చేమో. ఎగిరే ఆట మాత్రం ఈ ఏడు వద్దన్నా" అంది జయంతి.

మునస్వామి గుడి పెద్ద పరంధామయ్య దగ్గరికి వెళ్ళి, రాత్రుళ్ళు మేనల్లుడు నవీన్ ఆడతాడు, మాను నేనెక్కుతా అన్నాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"కుదరదప్పా. కంకణం ఎవురు కట్టుకుంటే వాడే అర్జునుడు. ఆడేదీ వాడే, ఎక్కేదీ వాడే. ఒక సూది ఏపిచ్చుకో. మా బామ్మర్దికి నిమిషంలో నొప్పి పోయింది."

మూడు రోజులు మునస్వామికి అన్నం సయించలేదు. వద్దంటే ఆడలేక మద్దెల ఓడన్నాడని ఊరంతా నవ్వుతుంది. సూది వేయించుకుని ఎగిరితే తాడు తెగుతుంది. తెగితే మళ్ళీ ఏ ఏడూ లేదు. నాలుగో రోజు నవీన్‌ను పిలిపించి, మొదటి మెట్టు పద్యం నుంచి నేర్పడం మొదలుపెట్టాడు. కంకణం తన కళ్ళ ముందే వాడి చేతికి కట్టించాడు.

తపస్సు నాడు ఎండ మాడ్చేస్తోంది. మునస్వామి జనంలో నిలబడ్డాడు. కాళ్ళకు మొక్కేవాళ్ళు లేరు. ఇద్దరు ముగ్గురు, "ఏమప్పా, ఎక్కలేదే?" అని అడిగి, జవాబు వినకుండానే ముందుకు తోసుకుపోయారు. నవీన్ గొంతు బాగుంది. ఆ బాగుండడమే మునస్వామికి ముల్లులా గుచ్చుకుంది. వాడు సగానికి చేరేసరికి పిడికెడంత కనిపిస్తున్నాడు. పైనుంచి చూడడమే తప్ప కిందనుంచి ఆ మానును ఎక్కే మనిషిని ఆయన ఇరవై రెండేళ్ళుగా చూడలేదు.

"ఇంత ఎత్తుంటాదా ఇది?" అన్నాడు పక్కనున్న లోకేశ్వరితో.

"నాకేం తెలుసు?" అంది ఆమె. "ఇరవై రెండేండ్లలో ఒక్క తూరి కూడా నేను పైకి సూడలేదు. నువ్వు నేల మీదికి దిగినావని ఎవురో ఒకరు చెప్పేదాకా కండ్లు మూసుకునే ఉంటాను. ఈ పొద్దే సూస్తా ఉండా."

మునస్వామి మాను మీంచి చూపు తిప్పి ఆమె వైపు చూశాడు. ఆమె మాత్రం చెయ్యి నొసట అడ్డం పెట్టుకుని, నోరు తెరుచుకుని పైకే చూస్తోంది.

"ఎంత బాగుండాది!" అంది.