నా భార్య మెచ్చిన గవర్నరు

నా భార్య కెనడాలోని హాలిఫాక్స్‌లో హిస్టరీ ఎం.ఏ.లో చేరిన ఏడు ఊరంతా మన విద్యార్థులే. ఏ బస్సెక్కినా తెలుగు వినిపించేది. అందరూ కంప్యూటర్సో, బిజినెస్సో చదివేవాళ్లు. మాతో ఇల్లు పంచుకున్న అమ్మాయి మొదటిరోజే అడిగేసింది: "హిస్టరీయా అక్కా? మరి జాబ్ ఎట్లా?" నా భార్య నవ్వేసింది. నేను స్పౌజ్ వర్క్ పర్మిట్ మీద వెళ్లి, ఒక ఆసుపత్రి వంటశాలలో రోగుల భోజనం ట్రేలు సర్దే పనిలో కుదురుకున్నాను.

ఆమె పరిశోధనంతా ఒక గవర్నరు మీద. అమెరికాలో అంతర్యుద్ధం ముగిశాక ఒక దక్షిణ రాష్ట్రాన్ని ఏలినవాడు. ఉత్తరాది నుంచి సైనికుడిగా వచ్చి అక్కడే ఉండిపోయాడు. బానిసత్వం నుంచి అప్పుడే బయటపడిన నల్లవారి ఓట్లతో గెలిచాడు. వాళ్ల పిల్లలకు బళ్లు తెరిపించి, పాత భూస్వాములకు కంట్లో నలుసయ్యాడు.

ఇదంతా నాకెలా తెలుసంటే, మా ఇంట్లో వేరే మాటే ఉండేది కాదు. పైగా అతన్ని పేరుతో అనేది కాదు, "ఆయన" అనేది. పెళ్లయిన కొత్తలో వాళ్లమ్మతో ఫోన్లో మాట్లాడుతూ నన్ను అలా అనేది. ఆ మాట ఇప్పుడు ఇంకొకడికి పోయింది.

ఒకరోజు ఫెర్రీలో హార్బర్ దాటుతుంటే, "ఆయన్ని సొంత పార్టీవాళ్లే ముంచేశారు తెలుసా?" అంటూ కళ్లు తుడుచుకుంది. ఆ వారమే పనిలో నా చేయి కాలింది. దానికి మందు రాసిందే గానీ కళ్లు తుడుచుకోలేదు.

ఇక ఆగలేకపోయాను. ఆమె పుస్తకాలే పనికి పట్టుకెళ్లి, బ్రేక్‌లో చదివాను. ఒక్క తప్పయినా దొరక్కపోతుందా అని. దొరికింది. ఆ రాత్రి భోజనాల దగ్గర, ఆ అమ్మాయి కూడా ఉండగా అడిగాను.

"మీ గవర్నరు గొప్పోడే. మరి ఎలక్షన్లప్పుడు తెల్లవాళ్లు నల్లవాళ్లని తుపాకులతో తరుముతుంటే, తన చేతిలో ఉన్న రాష్ట్ర సైన్యాన్ని ఇళ్లకెందుకు పంపించేశాడు? భయపడ్డాడు, అంతేగా?"

కోపం వస్తుందనుకున్నాను. ఆమె ముఖం వెలిగిపోయింది.

"అరే, నేనసలు ఇలా ఆలోచించనే లేదు!" అంటూ ఎంగిలిచేత్తోనే లేచి లాప్‌టాప్ దగ్గరికి పరుగెత్తింది. ఆ చలికాలమంతా నా ప్రశ్నకే సరిపోయింది. నాకు మిగిలిన కాసింత సమయాన్నీ నేనే తీసుకెళ్లి అతని చేతిలో పెట్టాను.

ఎండలు మొదలయ్యాక డిపార్ట్‌మెంట్లో ఆమె ప్రెజెంటేషన్. వెనక వరసలో కూర్చున్నాను. ఒక ప్రొఫెసర్ సరిగ్గా అదే అడిగాడు. ఆమె తడుముకోలేదు. ఆ సైన్యంలో ఉన్నది నల్ల రైతులేనని, కాల్పులు మొదలైతే ముందు పోయేది వాళ్ల ప్రాణాలేనని చెప్పింది. కేంద్రాన్ని దళాలు పంపమని అడిగితే రాలేదు. పదవి పోతుందని తెలిసే వాళ్లను ఇళ్లకు పంపాడు. ప్రత్యర్థులు శాసనసభను గెలిచి అభిశంసనకు దిగితే, రాజీనామా చేసి ఉత్తరాదికి వెళ్లిపోయాడు. మళ్లీ ఎన్నికల జోలికి పోలేదు.

"ఆయన భయపడ్డ మాట నిజమే. కానీ తన కోసం కాదు," అంది. గదంతా చప్పట్లు. నేనూ కొట్టాను. నా గుండె మాత్రం భగ్గుమంటూనే ఉంది.

తిరిగొస్తుంటే ఫెర్రీలో అడిగింది. "ఎలా చెప్పాను?"

"బాగా చెప్పావ్. నన్నెప్పుడైనా అలా వెనకేసుకొచ్చావా?"

ఆమె విస్తుపోయి చూసింది. "నిన్నెవరు తప్పుపట్టారని వెనకేసుకురావాలి?"

గాలి విసురుకి ఆమె నా కోటు జేబులో చెయ్యి పెట్టుకుంది. అవతలి ఒడ్డు వచ్చేదాకా తీయలేదు. కానీ ఆ కాసేపూ మాట్లాడింది మాత్రం గవర్నరు గురించే.