ఉప్పు తెలియని వంటామె

2023 వానాకాలం. వనపర్తి జిల్లా అమరచింతలో నేను మందుల దుకాణం పెట్టి అప్పటికి పదకొండేళ్లు. ఓ మధ్యాహ్నం సత్తెమ్మ వచ్చింది. పక్క ఊరి బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతుంది. ఉబ్బసానికి డాక్టరు రాసిచ్చిన ఇన్‌హేలర్‌ను, అంటే నోటితో పీల్చే మందును, రెండు నెలల కిందట నా దగ్గరే కొన్నది. ఈసారి దానికోసం రాలేదు.

"బలం గోలీలు ఇయ్యి సారు. నాలుకకు ఉప్పు తెలుస్తలేదు. పప్పుల రెండుసార్లు ఎక్కువేసిన. పిల్లలు మెతుకు ముట్టకుండ పారబోసిండ్రు. ఇంకోపారి గిట్లయితే వేరేటామెను పెట్టుకుంటమని పెద్దసారు అన్నడు."

మాట్లాడుతుంటేనే ఆయాసపడుతోంది. ఛాతీలోంచి పిల్లికూతలు వినిపిస్తున్నాయి. ఇన్‌హేలర్ వాడుతున్నావా అని అడిగాను.

"బంద్ చేసి వారమైంది. అది మొదలువెట్టినంకనే నోరు చెడింది."

"దమ్ము ఎక్కువైతే పానం మీదికొస్తది గదమ్మా!"

"దమ్మొస్తే నా ఒక్కదానికే బాధ. ఉప్పెక్కువైతే పిల్లలందరు పస్తుంటరు సారు."

గోలీలిచ్చి పంపడం తేలికే. కానీ పీల్చే మందుకూ ఉప్పుకూ సంబంధమేమిటన్న ప్రశ్న నన్ను వదల్లేదు. నోరు తెరవమని ఫోన్ టార్చి వేసి చూశాను. నాలుక మీద, బుగ్గల లోపల పెరుగు తరకల్లాంటి తెల్లటి మచ్చలు.

"మందు పీల్చినంక నోరు పుక్కిలిస్తున్నవా?"

"అయ్యో, మందు కొట్టుకపోదా? గంటదాక గుక్కెడు నీళ్లు గూడ తాగ."

ఆ ఇన్‌హేలర్‌లో ఉండేది స్టెరాయిడ్. ఊపిరి గొట్టాల వాపు తగ్గిస్తుంది. అందులో కొంత నోట్లోనే నిలిచిపోతే అక్కడ రోగాన్ని అడ్డుకునే శక్తి తగ్గి ఫంగస్ పెరుగుతుంది. దాన్ని ఓరల్ థ్రష్ అంటారు. దానివల్ల రుచి మందగిస్తుంది. పీల్చాక పుక్కిలించి ఉమ్మేయాలని చెప్పవలసినవాణ్ణి నేనే. అమ్మిన రోజు దుకాణంలో జనం ఉన్నారని "పొద్దున, రాత్రి" అని మాత్రం చెప్పి పంపేశాను. ఆ సంగతి దాచకుండా చెప్పాను.

"ఒక్క మాటే గద సారు," అంది.

వెంటనే నా బండి మీదే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ముందు ఆయాసం తగ్గించారు. ఫంగస్‌కు నోట్లో వేసుకునే చుక్కలు రాశారు. ఇన్‌హేలర్ మానొద్దని, స్పేసర్‌తో వాడమని చెప్పారు. అది మందు నోట్లో అంటుకోకుండా లోపలికి చేర్చే గొట్టం.

రెండు వారాలకు మచ్చలు పోయాయి. "ఉప్పు తెలుస్తుంది. తీపే జర మందంగుంది," అంది. ఎందుకని డాక్టరును అడిగాను. స్టెరాయిడ్ వాడేవాళ్లలో రుచి మారడానికి ఫంగస్ ఒక్కటే కారణం కాకపోవచ్చని, మిగతా కారణాలు ఇంకా తేలలేదని అన్నారు. నెల తిరిగేసరికి తీపీ వచ్చింది. బడిలో ఆమె పని నిలిచింది.

మందు చేతిలో పెట్టడంతో నా పని అయిపోదని సత్తెమ్మ వల్ల తెలిసింది. ఇప్పుడు కొత్తగా ఇన్‌హేలర్ కొన్నవాళ్లకు దుకాణంలోనే నీళ్లిచ్చి పుక్కిలింపజేస్తాను. పాతవాళ్లను అన్నం రుచి ఎట్లుందని అడుగుతాను. మొన్న కొత్తకోట నుంచి ఇన్‌హేలర్ కోసం వచ్చిన లారీ డ్రైవరు ఒకాయనను అట్లాగే అడిగి, పుక్కిలించకపోతే నాలుకకు రుచి తెలియదని చెప్పాను.

"మా ఆమె వంట మర్చిపోయిందని ఆర్నెల్లసంది లొల్లి చేస్తున్న సారు," అని, మందు సంచి గల్లా మీదే వదిలేసి, బయటికెళ్లి భార్యకు ఫోన్ చేశాడు.