బ్రాందీ సీసా మీద డోసు పట్టీ

"కంపౌండర్ సాబ్, మీ ఇంటామె తాగుతదంట, నిజమేనా?"

దవాఖానా కిటికీ ముందు వరుస నిండుగా ఉండగా దుర్గయ్య అడిగిన మాట ఇది. దుర్గయ్య రైల్వేలో గ్యాంగ్‌మన్. ఫలక్‌నుమా చుట్టుపక్కల అతన్ని మించిన తాగుబోతు లేడని ఒకప్పుడు పేరు. వెటకారంగా అడిగి ఉంటే బాబురావు రెండు తిట్లు తిట్టి ఊరుకునేవాడు. కానీ ఆ గొంతులో ఉన్నది నిజమైన ఫికరు, దిగులు. దాంతో తిట్టడానికి కూడా లేకపోయింది.

"సీసా ఇటియ్యి," అన్నాడు బాబురావు, తల ఎత్తకుండానే.

ఫలక్‌నుమా స్టేషన్ దగ్గర ఒక ప్రైవేటు డాక్టరు కింద కంపౌండరుగా బాబురావు బతుకంతా గడిచింది. డాక్టరు గారు నాడి చూసి చీటీ రాస్తే, రోగి ఇంటి నుంచి తెచ్చుకున్న ఖాళీ సీసాలో బాబురావు ఎర్ర మిక్చరు పోసేవాడు. చదువు రానివాళ్లకు ఎంత తాగాలో తెలియాలి కదా. అందుకోసం తెల్ల కాగితాన్ని సన్నటి పట్టీలా కత్తిరించి, అంచున కత్తెరతో గంట్లు పెట్టి, మైదా జిగురుతో సీసా పక్కన అంటించేవాడు. గంటుకూ గంటుకూ మధ్య ఉన్నది ఒక డోసు. ఒక్కసారే రెండు గంట్లు తాగితే గుండె ఆగిపోతుందని ఎవరు పుట్టించారో గానీ, బస్తీ అంతా నమ్మింది. డాక్టరు గారికి ఆ నమ్మకం సౌకర్యంగానే ఉండేది, అందుకని ఆయన ఖండించలేదు.

అరవై ఎనిమిది చలికాలంలో హాంగ్‌కాంగ్ ఫ్లూ వచ్చింది. ఇంట్లో ఒకరు పడుకుంటే రెండో రోజుకు ఇల్లంతా పడుకునేది. దవాఖానా మెట్ల మీదే దుప్పట్లు కప్పుకొని కూర్చునేవాళ్లు. ఒళ్లు చల్లబడుతున్న ఒక ముసలాయనకు, వేడినీళ్లలో రెండు చెంచాల బ్రాందీ వేసి పట్టమని డాక్టరు గారు చెప్పారు. సాయంత్రానికి ముసలాయనను అందరూ మరిచిపోయారు. బ్రాందీని మాత్రం గుర్తుపెట్టుకున్నారు.

దాంతో చుట్టుపక్కల తాగుడు తలకిందులైంది. కల్లు చలువ చేస్తుందని, ఊపిరితిత్తులకు పడదని కల్లు కంపౌండ్ వెలవెలబోయింది. రోజూ తాగేవాళ్లు చావుభయంతో తగ్గించారు. ఎన్నడూ ముట్టనివాళ్లు అదే చావుభయంతో మొదలుపెట్టారు. తరువాతి కాలంలో మద్యపాన నిషేధ సభల్లో పూలదండలు వేసుకొని మాట్లాడిన పెద్దమనుషులు మొదటి సగం చెప్పి చప్పట్లు కొట్టించుకున్నారు. రెండో సగం చెప్పినవాళ్లు లేరు.

దుర్గయ్య భార్య కృష్ణమ్మ ఒకరోజు కొంగు చాటున బ్రాందీ సీసా పట్టుకొని కిటికీ దగ్గరికి వచ్చింది.

"సాబ్, దీనికి గూడ పట్టీ అంటియ్యి."

"ఇది మందు సీసా గాదు గదమ్మా."

"నాకు తెల్వదా ఏంది? ఆయనకు నేనంటే భయం లేదు, దేవునికి భయపడడు, రైల్వే సూపర్వైజరునే తిట్టొచ్చిండు. నీ పట్టీ అంటే మాత్రం భయం. మొన్న మిక్చర్ తాగేటప్పుడు గీత దాటుతదేమో అని కండ్లద్దాలు అడుక్కొచ్చి పెట్టుకున్నడు."

వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. లోపలి నుంచి డాక్టరు గారు కూడా నవ్వి, "అంటియ్యవయ్యా, కాగితమేగా పోయేది," అన్నారు. బాబురావు ఎనిమిది గంట్లు పెట్టి అంటించాడు. దుర్గయ్య గంటు దాటలేదు. జ్వరం తగ్గి పనిలోకి వెళ్లాక కూడా, సీసా ఖాళీ కాగానే కొత్తది తెచ్చి పట్టీ వేయించుకొనేవాడు. ఇది చూసి మరో నలుగురి భార్యలు వచ్చారు. పట్టీ కత్తిరించడం తప్ప గొప్ప విద్యేమీ ఎరగని బాబురావు ఆ ఏడాది తాగుబోతుల పాలిట పెద్దమనిషి అయ్యాడు.

అదే నెలలో అతని భార్య రాహేలు మంచం పట్టింది. మిషన్ బడిలో చదివిన మనిషి, చర్చిలో పాట ఎత్తుకునే గొంతు. జ్వరం పోయింది గానీ దగ్గు పోలేదు. కూర్చుంటే ఆయాసం, పడుకుంటే దగ్గు. నిద్ర లేక కళ్లు గుంటలు పడ్డాయి. బాబురావు బ్రాందీ తెచ్చాడు.

"నేను తాగ," అంది రాహేలు. "మా నాయిన తాగి తాగి సచ్చిండు. నువ్వు మర్చిపోయినవేమో, నేను మర్వలే."

"నిన్ను తాగమన్ననా? మందు లెక్క ఏస్కో అంటున్న. సూడు, పట్టీ గూడ అంటిచ్చిన."

పట్టీని చూసి ఆమె మెత్తబడింది. ఒక గంటు మేరకు వేడినీళ్లలో కలుపుకొని తాగి, చాలా రోజుల తర్వాత నిద్రపోయింది. ఆమె నిద్రపోతుంటే బాబురావు తలుపు దగ్గర కూర్చొని, తన తెలివికి తానే మురిసిపోయాడు.

చలి తగ్గేసరికి ఫ్లూ పోయింది. సీసా పోలేదు. రాహేలు ఎన్నడూ గంటు దాటేది కాదు. అయితే అప్పుడప్పుడూ అనేది: "ఈసారి గంట్లు మరీ దగ్గర్ల పెట్టినవ్. అంతల నిద్ర పడ్తలేదు." బాబురావు ఎనిమిది గంట్ల పట్టీని ఆరు గంట్లు చేశాడు. చేయి తిరిగిన పని కదా, ఆలోచించే అవసరం లేదు. ఆరు ఎప్పుడు నాలుగైందో అతనికే గుర్తు లేదు. రాత్రి డోసుకు పొద్దున డోసు తోడైంది. ఇద్దరూ దాన్ని తాగుడు అనలేదు. డోసు అన్నారు.

అరవై తొమ్మిది తెలంగాణ గొడవల్లో కర్ఫ్యూ పెట్టినప్పుడు దుకాణాలు మూతపడ్డాయి. రెండో రోజు రాహేలు చేతిలో చాయ్ కప్పు సాసరు మీద టకటకలాడింది. మళ్లీ జ్వరమే వచ్చిందనుకొని బాబురావు నుదురు పట్టుకున్నాడు. నుదురు చల్లగా ఉంది. దవాఖానాలో ఇలాంటి చేతులను అతను ఎన్నో చూశాడు. తన ఇంట్లోని చేతుల విషయం మాత్రం కర్ఫ్యూ ఎత్తేశాక దవాఖానా కిటికీ దగ్గర దుర్గయ్య ఆ ప్రశ్న అడిగేదాకా ఒప్పుకోలేకపోయాడు. కుళాయి దగ్గర రాహేలు నోట్లోంచి వచ్చిన వాసనను కృష్ణమ్మ పసిగట్టిందట.

ఆ సాయంత్రం రాహేలు కొత్త సీసా తెచ్చి ముందు పెడితే, బాబురావు కత్తెర తీయలేదు.

"బంద్ చేద్దాం రాహేలు."

"నేనేమన్న దొంగతనం చేస్తున్ననా? ఒక్కనాడన్న గీత దాటిన్నా, చెప్పు."

"దాటలే. గీతనే జరిపిన నేను."

ఆమె సీసాను తన వైపుకు జరుపుకుంది. తర్వాత, "చర్చిల తెలిసిందా?" అని మాత్రం అడిగింది.

చర్చిలో తెలిసింది. పాస్టరు గారు ఇంటికి వచ్చి ప్రార్థన చేసి, ఇక తాగనన్న ప్రమాణ పత్రం మీద సంతకం పెట్టించి, చాయ్ తాగి వెళ్లారు. రాహేలు సంతకం పెట్టిన రోజు నుంచి మూడు రోజులు ఏమీ ముట్టలేదు. నాలుగో రోజు ఫిట్స్ వచ్చి కింద పడి కాళ్లూ చేతులూ కొట్టుకుంది. ఆదివారాల్లో స్త్రీల సమాజం వాళ్లు ఆమె పేరు ఎత్తి ప్రార్థించడం మొదలుపెట్టారు. పాట ఎత్తుకోవడానికి మాత్రం పిలవడం మానేశారు.

డాక్టరు గారు తల పట్టుకున్నారు. "ఒక్కసారిగా ఆపించొద్దు. కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రా," అన్నారు. ఎలా తగ్గించాలో బాబురావుకు తెలుసు. నాలుగు గంట్ల పట్టీని అయిదు చేశాడు, కొన్నాళ్లకు ఆరు చేశాడు. డ్యూటీ నుంచి వచ్చి, కాళ్లు కడుక్కొని, దీపం దగ్గర కూర్చొని కత్తిరించేవాడు. పొద్దంతా రోగులకు కత్తిరించిన వేళ్లు ఇంట్లో నొప్పి పెట్టేవి. రాహేలు పక్కన కూర్చొని కళ్లార్పకుండా చూసేది. మళ్లీ ఎనిమిది దగ్గరికి వచ్చేసరికి ఏడాదికి పైగా పట్టింది. ఆమె చేతులు వణకలేదు. మంచి నిద్ర పోయేది. నెగ్గుకొచ్చామనుకున్నాడు బాబురావు.

అప్పుడు బ్రాందీ దుకాణం రామ్‌చందర్ అతన్ని దారిలో ఆపాడు.

"సాబ్, బురా మత్ మానో, ఏమనుకోకుండ్రి. అక్క ఖాతా మస్తు పెరిగింది. జర చూసి ఇయ్యుండ్రి."

"ఏం ఖాతా?"

రామ్‌చందర్ అతని మొహం చూసి, చెప్పకూడనిది చెప్పానని గ్రహించి, "ఫికర్ చెయ్యకుండ్రి, నెల నెలకు ఇయ్యుండ్రి," అంటూ లోపలికి వెళ్లిపోయాడు.

ఇంటికి వచ్చి బాబురావు అరవలేదు. అరిచే ఓపిక అప్పటికే అయిపోయింది. బియ్యం డబ్బా వెనక ఉన్న రెండో సీసాను రాహేలే తెచ్చి ముందు పెట్టింది. దాని మీద పట్టీ లేదు.

"నువ్వు గంట్లు సన్నగ చేస్కుంట పోతే నేనేం జెయ్యాలె?" అంది. "నువ్వు అంత కష్టపడి కత్తిరిస్తుంటే చెప్పబుద్ధి గాలే."

"ఎన్నాళ్ల సంది?"

"మొదట్నుంచే అనుకో."

తర్వాతి రోజు నుంచి బాబురావు మిక్చరు సీసాలకు తప్ప దేనికీ పట్టీ అంటించలేదు. కృష్ణమ్మ వచ్చి బతిమాలింది, తిట్టింది. "నా మొగని మీద ఏం పగబట్టినవయ్యా?" అంది. దుర్గయ్య కొంతకాలం తన కళ్లతోనే కొలుచుకొని తాగాడు, తర్వాత కొలవడం మానేశాడు. అదీ తన తప్పేనని బాబురావు అనుకున్నాడో లేదో ఎవరికీ చెప్పలేదు.

రాహేలు మానిందా అంటే కొన్ని నెలలు మానేది. మళ్లీ చలికాలం రాగానే మొదలుపెట్టేది. ఇంట్లో ఒక్కటే సీసా ఉండాలని, దాన్ని బల్ల మీదే పెట్టాలని ఇద్దరూ మాట అనుకున్నారు. చాలావరకు ఆ మాట మీదే నిలబడ్డారు. ఆమె చర్చికి వెళ్లడం మానలేదు. వెనక వరుసలో కూర్చొని మెల్లగా పాడేది. డెబ్బై ఎనిమిదిలో కామెర్లొచ్చి పోయింది. సమాధి దగ్గర పాస్టరు గారు ఆమె గొంతు గురించి చక్కగా మాట్లాడారు. బాబురావు వినలేదు, గుంత పూడ్చేవాళ్లకు పార అందిస్తున్నాడు.

ఆ తర్వాత కూడా అతను ప్రతి నెలా జీతం అందిన రోజున బ్రాందీ దుకాణం ముందు ఆగి రాహేలు ఖాతా కింద అయిదు రూపాయలు ఇచ్చేవాడు. "వద్దు సాబ్, ఇడ్సిపెట్టుండ్రి," అని రామ్‌చందర్ అనేవాడు. అంటూనే తీసుకునేవాడు. దవాఖానా మూతపడి, బాబురావు జీతం ఆగిపోయేనాటికి ఆ ఖాతాలో ముప్పై ఏడు రూపాయలు ఇంకా బాకీ ఉన్నాయి.