పడవో, ఇల్లో

సాలేవా ఊళ్ళో చాప నేయడం రాని ఆడది ఒక్కతే ఉంది. ఆవిడ పేరు ఫువాతినో.

బొత్తిగా రాదని కాదు. మొగలాకు ఎండబెట్టడం వచ్చు, గీరి దారాల్లా చీల్చడం వచ్చు, నలుగురితో కలిసి నేతపాకలో కూర్చోవడం అన్నిటికన్నా బాగా వచ్చు. కూర్చున్నాక చేతులు ఆగిపోయి నోరు మొదలయ్యేది. పక్కవాళ్ళ చాప జానెడు పెరిగేసరికి ఈవిడది బెత్తెడైనా పెరిగేది కాదు, ఆ పెరిగింది కూడా చేపల వలలా వదులుగా ఉండేది. "మా వదిన చాపలో పిల్లని పడుకోబెడితే కిందనించి జారిపోతుంది" అని ఆడబడుచు మసీనా అనేది. ఆ మాటకి అందరికన్నా ముందు ఫువాతినోయే నవ్వేది.

నవ్వేదే గాని, సవాయి దీవిలో అది నవ్వుకునే సంగతి కాదు. పట్టుబట్టలా మెత్తగా, అంచున ఎర్ర ఈకలతో ఉండే ఆ చాపలు పరుచుకోవడానికి కావు. పెళ్ళికైనా చావుకైనా పెట్టుపోతలన్నీ వాటితోనే. చాప లేని ఇల్లాలు సభలో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడాల్సిందే.

ఆ గండం నించి ఆవిడని మొదట గట్టెక్కించింది పక్కూరు వైసాలో ఉండే సియెనీ. చుట్టుపక్కల ఆడపిల్లలందరికీ నేత నేర్పిన చెయ్యి ఆవిడది. ఫువాతినో పెళ్ళి దగ్గర పడుతోంది, చాప సగం కూడా కాలేదు. సియెనీ వచ్చి, "ఏదీ, ఓసారి చూసి ఇస్తాను" అని చుట్టి చంకన పెట్టుకుపోయింది. తిరిగి వచ్చింది పూర్తయిన చాప. పెళ్ళిలో అది విప్పినప్పుడు జనమంతా అబ్బా అన్నారు. అది ఎవరి చేతి పనో అందరికీ తెలిసే అన్నారు. సియెనీ మాత్రం బతికినన్నాళ్ళూ "అది నాది కాదు, నువ్వు నేసిందే" అనే చెప్పింది.

తర్వాత ఫువాతినో కాపురం బాగానే గడిచింది. మొగుడు తవీతా బస్సు నడిపేవాడు. ఈవిడ పడవల రేవు దగ్గర బుట్ట పెట్టుకుని, నూనెలో వేయించిన తీపి బూరెలు అమ్మేది. రేవులో దిగినవాడు ఎవరి కొడుకో, ఎందుకొచ్చాడో, ఎన్నాళ్ళుంటాడో బూరె చల్లారేలోగా రాబట్టేది. తవీతా పోయినప్పుడు ఇంట్లో ఉన్న చాపలన్నీ పెట్టుపోతలకి వెళ్ళిపోయాయి. వచ్చినవి కూడా వచ్చినట్టే వెళ్ళాయి. మిగిలింది ఒక్క బంగారు పతకం. అది తవీతా మేనత్త లగీ ఇంటి తరఫున వచ్చింది. ఇచ్చేటప్పుడు దాని పేరూ పుట్టుకా చెప్పారు. కాని ఆ వేళ రేకుల మీద పడిన వాన అంతా ఇంతా కాదు. ఎవరికీ ఒక్క ముక్క వినపడలేదు. చెప్పిన పెద్దాయన కూడా ఆ తర్వాత పోయాడు. ఫువాతినో దాన్ని గుడ్డలో చుట్టి బిస్కట్ల డబ్బాలో పెట్టింది.

ఇప్పుడు సియెనీ పోయింది.

ఆక్లాండు నించి చుట్టాలు రావాలి గనక శవాన్ని ఆసుపత్రిలో ఉంచారు. ఈలోగా తవీతా అన్న తోఫాయే ఇంట్లో అందరూ కూడారు, ఎవరేం పట్టుకెళ్ళాలని. తోఫాయే ఆ కుటుంబానికి మాటకారి పెద్ద. సభలో కర్ర పట్టుకుని, భుజాన చామరం వేసుకుని, ఏ చాప పేరేమిటో, అది ఎవరి చేతులు మారి వచ్చిందో ఎలుగెత్తి చెప్పేది ఆయనే. అలా చెప్పుకోలేని సొత్తు ఎంత ఖరీదుదైనా ఇచ్చినట్టు లెక్క కాదు.

మసీనా రెండు చాపలు తెస్తానంది. మిగతావాళ్ళు తలొకటి అన్నారు. ఫువాతినో డబ్బా తెరిచి పతకం ఆయన చేతిలో పెట్టింది. అరచేతిలో సగం ఉంటుంది. ఒక వైపు ఆకుల దండ, దాని మధ్య అరిగిపోయిన అక్షరాలు. ఇంకో వైపు వంపు తిరిగిన బొమ్మ, రెండు నిలువు గీతలు, ఏవో అడ్డ గీతలు. దండలో కట్టుకోవడానికి పైన ఒక కన్నం, కింద ఒక కన్నం.

"మా వదినకి చాప నేయడం రాదు గాని బంగారం నేస్తుంది" అంది మసీనా.

తోఫాయే నవ్వలేదు. "ఇది దేనికోసం చేయించినది?" అని అడిగాడు.

"తెలీదు బావగారూ. చెప్పారు గాని, వాన."

"మరి నన్నేమనమంటావమ్మా? ఇదిగో ఏదో బంగారం, పుచ్చుకోండి అననా? ఇంకోటి విను. ఇది ఇళ్ళు తిరిగీ తిరిగీ వచ్చింది. ఒకవేళ సియెనీ ఇంటినించే బయల్దేరిందనుకో. వాళ్ళ పందిని వాళ్ళకే కాల్చి పెట్టినట్టుంటుంది. మన తలలు ఎక్కడ దాచుకుంటాం?"

చుట్టాలు దిగేలోగా దాని పుట్టుక కనుక్కొస్తే చెబుతాను, లేకపోతే లేదన్నాడు.

ఫువాతినోకి మొదట తోచింది డెస్మండు. న్యూజిలాండువాడు, ఓడల్లో ఇంజనీరుగా చేసి మానేసి రేవు దగ్గర నాలుగు గదుల బస నడుపుతున్నాడు. రోజూ బూరెలు కొంటాడు. ఎన్నేళ్ళుగానో ఇక్కడే ఉన్నా చెప్పులతోనే ఇళ్ళలోకి వచ్చేస్తాడు. పాత నాణేలంటే, పతకాలంటే పిచ్చి. వాటి బొమ్మలూ వివరాలూ ఉన్న లావుపాటి పుస్తకాలు కొనిపెట్టుకున్నాడు. లోకంలో పోత పోసిన ప్రతి పతకం వాటిలో ఉంటుందని అతనే చాలాసార్లు చెప్పాడు.

పతకం చూడగానే బూరె పక్కన పెట్టేశాడు. భూతద్దం తెచ్చాడు. బంగారమేనన్నాడు. పుస్తకాలన్నీ బల్లమీద పరిచి పేజీలు తిప్పాడు. మళ్ళీ మొదటినించి తిప్పాడు. ఫోటో తీసి వెల్లింగ్టనులోనూ సిడ్నీలోనూ ఉన్న స్నేహితులకి పంపాడు. మర్నాటికల్లా జవాబులొచ్చాయి. ఎవరూ ఎరగరు. ఏ పుస్తకంలోనూ లేదు.

ఫువాతినో అడిగింది. "పుస్తకంలో లేకపోతే మంచిదా అన్నా, చెడ్డదా?"

"రెండూ కావచ్చమ్మా. లోకంలో ఇదొక్కటే ఉండి ఉండొచ్చు. లేదా ఎవరో కంసాలి ఊసుపోక చేసుండొచ్చు."

"అంటే నీకూ తెలీదన్నమాట."

"నాకూ తెలీదు" అన్నాడు డెస్మండు, ముఖమంతా వెలిగిపోతుంటే. తెలియకపోవడంలో అంత సంతోషమేముందో ఆవిడకి అంతుపట్టలేదు. అమ్మదలిస్తే తాను కొనుక్కుంటానని, ఆ డబ్బుతో అపియా పట్నం బజారులో మంచి చాపలే వస్తాయని కూడా అన్నాడు. ఆ మాట ఆవిడని దారంతా పీడించింది. ఎటూ తేలని బంగారం ఎందుకు, చాపలైతే గౌరవంగా ఉంటుంది కదా. కాని బజారు చాపకి పేరుండదు, ఊరుండదు. మసీనా వేలితో తడిమి చెప్పేస్తుంది. సియెనీ ఉంటే తడమకుండానే చెప్పేసేది.

ఇక పుస్తకాలు వదిలి మనుషుల మీద పడింది.

లగీ అత్తకి చూపు ఆనదు. పతకం మీద బొటనవేలు రాసి, "పడవ పందెం తాలూకు కదే పిల్లా ఇది. ఇదిగో పడవ. ఇదిగో నిలబడ్డ మనుషులు. కింద అలలు" అంది. ఏ పందెం, ఎవరు గెలిచారు అంటే ఆవిడకి తెలియదు. బ్యాండు మేస్త్రీ యోయేలూ ఇంటినించి వచ్చిందని మాత్రం గట్టిగా చెప్పింది.

యోయేలూ బాకా తుడుచుకుంటూ కూర్చున్నాడు. పతకం అందుకుని తలకిందులు చేసి పట్టుకున్నాడు. "పడవేంటి తల్లీ? ఇల్లు కనపట్టంలా? ఇది కప్పు, ఇవి రెండు స్తంభాలు, పైన వాన. ఎక్కడో సభాభవనం తెరిచినప్పుడు చేయించుంటారు." ఫువాతినో చూసింది. నిజంగా ఇల్లే. ఇటు తిప్పింది, పడవ. అటు తిప్పింది, ఇల్లు. కన్నాలు రెండు వైపులా ఉన్నాయి గనక ఏది పైనో ఆ భగవంతుడికే తెలియాలి. ఎక్కడి భవనమని అడిగితే, "అది నాకేం తెలుసు, మా అమ్మాయి పెళ్ళికి పాస్టరు గారి భార్య రోసా పెట్టింది" అన్నాడు.

రోసా ఇప్పుడు విధవరాలు, కొబ్బరితోట అంచున ఉంటుంది. బొమ్మ సంగతి అడిగితే ఆవిడ తెల్లబోయింది. "బొమ్మ ఉందా దాని మీద? బంగారమని చూశాను గాని బొమ్మ ఎవరు చూశారమ్మా" అంది. తరవాత బుగ్గన వేలేసుకుని, ఎవరిచ్చారో బాగా గుర్తుందంది. పాస్టరు గారికి ఊరు మారినప్పుడు వీడ్కోలు సభ జరిగింది. ఆ సభలో దాన్ని తెచ్చి ఒళ్ళో పెట్టింది వైసా సియెనీయే.

 రోసా ఇచ్చిన కోకో తాగిందో లేదో కూడా ఫువాతినోకి తెలియలేదు. ఎంత తవ్వినా పతకం దేనిదో తేలలేదు. పడవా కాదు, ఇల్లూ కాదు. తేలిందల్లా తేలకూడనిదే. భూమ్మీద ఎవరికైనా ఇవ్వొచ్చు, ఆ ఒక్క ఇంటికి తప్ప.

తోఫాయే విని తల ఊపాడు. "నే చెప్పలా? డబ్బాలో పెట్టెయ్. చేపల డబ్బాలు రెండు పెట్టెలు కొని నీ పేరు మీద పెట్టిద్దాం. ఎవరూ ఏమీ అనరు."

ఫువాతినో గుమ్మందాకా వెళ్ళి వెనక్కి వచ్చింది.

"బావగారూ, ఆవిడ నా చాప పూర్తి చేసిన మనిషి. ఆవిడ ముందు చేపల డబ్బాలు పెట్టలేను. మీరు పతకమే చెప్పండి. పేరు తెలీదని చెప్పండి. ఏయే గుమ్మాలు తిరిగిందో వరసగా చెప్పండి. ఆఖరి గుమ్మం ఆవిడదేనని కూడా చెప్పండి."

"నవ్వుతారే."

"నవ్వనివ్వండి. నన్ను చూసి నవ్వడం వాళ్ళకేమన్నా కొత్తా?"

సమాధి చేసే నాడు ఎండ కాస్తోంది, వాన జాడ లేదు. వైసా పచ్చిక మీద తోఫాయే చామరం భుజానికి విసిరి నిలబడ్డాడు. మసీనా చాపలు విప్పి పట్టుకుంటే వాటి పేర్లూ, తల్లులూ, అమ్మమ్మలూ చెప్పాడు. సభ మెచ్చుకుంది. అప్పుడు ఫువాతినో అరచేతులు చాపి పతకంతో ముందుకి నడిచింది. దాని వెలుగుకి ముందు వరస వాళ్ళు కళ్ళు చికిలించారు. దీని పేరు మేమెరగమని తోఫాయే మొదలుపెట్టాడు. పెద్ద పెద్ద పుస్తకాలు కూడా ఎరగవన్నాడు. తవీతా ఇల్లు, లగీ ఇల్లు, యోయేలూ ఇల్లు, రోసా ఇల్లు అని ఒక్కో గుమ్మం పేరే తాపీగా చెప్పుకుంటూ వచ్చాడు. ఆఖరికి, "ఇక్కడ పడుకున్న సియెనీ ఇల్లు" అన్నాడు.

  శవపేటిక పక్కనించి సియెనీ తమ్ముడు పులోతు కర్ర ఊతగా లేచాడు.

"దీన్ని మా అక్క ఇచ్చిందన్నది నిజమే. ఆ రోజు నేనే మోసుకెళ్ళాను. అది మా ఇంటికి ఎక్కణ్ణించి వచ్చిందో నాకు తెలీదు. అక్కకి తెలుసు. అది దేనికి చేయించినదో కూడా అక్కకే తెలుసు. అడుగుదామంటే" అని పేటిక వైపు చూపించాడు, "ఇదిగో, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నోరు మూసుకుని పడుకుంది."

ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు వరసలన్నీ పాకి, వెళ్ళిన చోటల్లా కొంత ఏడుపై వెనక్కి వచ్చింది. పులోతు పతకం అందుకుని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

"దీనికి పేరు లేదన్నారు. పడవో ఇల్లో తేలట్లేదు గనక, 'పడవో ఇల్లో' అనే పిలుద్దాం. మా గుమ్మం దిగి వెళ్ళింది, ఇన్ని గుమ్మాలు చూసింది, మా అక్క పోతే చూడ్డానికి వచ్చింది. చూడవచ్చిన చుట్టాన్ని పొమ్మంటామా?"

ఇది మెచ్చుకోవడమో ఎగతాళో ఫువాతినోకి చటుక్కున అర్థం కాలేదు. తోఫాయే వైపు చూసింది. ఆయన ఛాతీ విరుచుకుని చామరం ఇటు భుజం నించి అటు భుజానికి మార్చుకుంటున్నాడు. అయితే మెచ్చుకోవడమే అనుకుంది. పేటిక దగ్గరికి వెళ్ళి వంగి సియెనీ చెవిలో ఏదో అడిగింది. ఏమడిగావని మసీనా తర్వాత ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు.

భోజనాలయ్యాక వైసావాళ్ళు వచ్చినవాళ్ళకి తిరుగు పెట్టుపోతలు మొదలుపెట్టారు. డెస్మండు కూడా వచ్చి ఉన్నాడు, మాంసం డబ్బాల పెట్టెతో. కాళ్ళు మడుచుకుని కూర్చోలేక అవస్థ పడుతున్నాడు. దూరదేశపు అతిథిని ఖాళీ చేతులతో పంపకూడదని పులోతు అతన్ని పిలిచి, కాల్చిన పంది తొడ ఒక చేతిలో, 'పడవో ఇల్లో' ఇంకో చేతిలో పెట్టాడు.

తిరుగు బస్సులో డెస్మండు ఫువాతినో పక్కన కూర్చున్నాడు. తొడ ఒళ్ళో ఉంది, పతకం పిడికిట్లో ఉంది. 

"అమ్మా, ఇది ఇప్పుడు నాదా?"

"నీదే అన్నా."

"నిజంగా నాదే? అమ్ముకోవచ్చా?"

"నిక్షేపంలా అమ్ముకో. కాని నేను పోయినప్పుడు ఏం పట్టుకొస్తావో అది ముందు ఆలోచించుకో."

అతను పిడికిలి విప్పి పతకం వైపు చూశాడు. ఏది పైవైపు అని అడిగాడు. ఫువాతినో కూడా తల వంచి చూసింది. పడవే అనబోయింది, బస్సు మలుపు తిరిగింది, అతని చెయ్యి తిరిగింది, ఇల్లయింది.

రేవు దగ్గర దిగేటప్పుడు డెస్మండు చెప్పులు బస్సులోనే మరిచిపోయాడు. మర్నాడు బూరెల బుట్టలో పెట్టి ఆవిడే తీసుకెళ్ళి ఇచ్చింది.